నాలుగు వేళ్ళ గీత

రండి, రండి. ఆ గుమ్మంలో నిలబడితే సగం మాటలు గాలికి పోతాయి. ఫోను పక్కన బోర్లించి, ఈ చాప మీదికి జరిగి, నాకు దగ్గరగా కూర్చోండి. టీ కావలసినవాళ్ళు ఇప్పుడే అడగండి. మధ్యలో లేచానంటే దారం తెగిపోతుంది. నేను నాలుగో తరగతితో బడి మానేసిన మనిషిని, రాసేటప్పుడు కూడా మాట్లాడినట్టే రాస్తాను. ఒత్తులూ దీర్ఘాలూ మా మనవరాలు సరిచేస్తుంది. కానీ గుర్తుంచుకోవడానికి చదువెందుకు? ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఏ ఎండాకాలం ఏ మూల గడ్డి మాడిందో అడగండి, చెబుతాను.

ఉద్యోగం అన్నానని కుర్చీ, బల్ల అనుకునేరు. టాటానగర్‌లో, బిర్సానగర్ పక్కన ఒక ఫ్యాక్టరీ క్లబ్బుకు ఆటల మైదానం ఉండేది. మా ఆయన అక్కడ మాలీ. ఆయన జబ్బు చేసి పోతే, ఆ పని నాకిచ్చారు. గడ్డి కోయడం, నీళ్ళు పట్టడం, ఆటకు ముందు సున్నంతో గీతలు వేయడం. ఆడమనిషి గీతలేమిటని మొదట నవ్విన వాళ్ళున్నారు. రోజూ వాకిట్లో ముగ్గు పెట్టే చేతికి గీత కొత్తా అని నేనూ నవ్వాను.

కానీ అది ముగ్గు కాదని నాకు నేర్పింది అక్కడి పెద్ద మాలీ. ఒడియా ముసలాయన, ఎముకల గూడులా ఉండేవాడు, గొంతు మాత్రం సైరను. ఈ మేకు నుంచి ఆ మేకు దాకా తాడు బిగించి లాగాలి. తాడును ఆనుకుని సున్నం బండి నడపాలి. గీత వెడల్పు సరిగ్గా నాలుగు వేళ్ళు. మొదటిసారి నేను బండిని తాడుకు బయటి పక్కన నడిపాను. ఆయన చేతికర్ర నేలకేసి కొట్టాడు.

"అందర్ సే, బేటీ, అందర్ సే! లకీర్ భీ మైదాన్ హై!"

లోపలి నుంచి తల్లీ, గీత కూడా మైదానమే అని. ఫుట్‌బాల్‌లో బంతి గీత మీద ఉన్నంతసేపూ లోపల ఉన్నట్టే లెక్క, గీతను పూర్తిగా దాటితేనే బయట. అందుకని కొలత గీత బయటి అంచు దాకా వెళ్ళాలి, అంటే సున్నం తాడుకు లోపలి పక్కన పడాలి. ఆ మాట నాకు ఆయన అన్నం ముద్ద పెట్టినట్టు పెట్టాడు. ఆయన పోయాక కూడా బండి తోసిన ప్రతిసారీ చెవిలో ఆ సైరను మోగేది. ఇరవై ఏళ్ళ పైన లోపలి పక్కే వేశాను. ఒక్కనాడు తప్పలేదు. ఆ తప్పకపోవడమే ఒకనాడు తప్పయింది. చెబుతాను, తొందరపడకండి.

నా ఉద్యోగం చివరి ఏళ్ళలో ఒక కొత్త ఆట వచ్చింది. ఒకరోజు పొద్దున్నే పదిహేను ఇరవై మంది కుర్రాళ్ళు వచ్చి, తలకు ఇనప జాలీ ఉన్న టోపీలు, భుజాలకు పెట్టెల్లాంటివి కట్టుకుని ఒకళ్ళనొకళ్ళు గుద్దుకోవడం మొదలుపెట్టారు. బంతి చూస్తే గుండ్రంగా లేదు, ముదిరిన ఆనపకాయకు రెండు కొసలూ చెక్కినట్టుంది. పేరు ఫుట్‌బాలే అట, కాలితో తన్నేది మాత్రం ఎప్పుడో పండక్కో పబ్బానికో. అమెరికా వాళ్ళ ఆట అన్నారు. నేర్పేది కళ్ళద్దాల కుర్రాడు, సాక్చీలో ఏదో ట్యూషన్లు చెప్పుకునేవాడు. ఆట అంతా ఫోన్లో చూసి నేర్చుకున్నాడు. అందరూ అతన్ని కోచ్ అనేవారు, అతను నన్ను మౌసీ అనేవాడు, మనం పిన్నీ అన్నట్టు.

నాకు ఆ ఆట మీద మొదటి రోజు నుంచీ ఒకటే ఆరాటం. ఏమిటిది? నిమిషం ఆడతారు, ఆగుతారు. తలలన్నీ ఒక దగ్గర పెట్టి గుసగుసలాడతారు. మళ్ళీ అర నిమిషం ఆట, మళ్ళీ గుసగుస. మా మహిళా సమితి మీటింగు కూడా ఇంతకన్నా నయం అనుకునేదాన్ని. పైపు పట్టుకుని నీళ్ళు పడుతూ చెవి అటు వేసేదాన్ని, గడ్డి మునిగిపోయేది.

మన కథలో అసలు మనిషి ఆ గుంపులోంచి రాలేదు. పైనుంచి వచ్చాడు.

ఆ ఏడాది మా పెవిలియన్ గోడ పడిపోతే మళ్ళీ కట్టారు. పరంజా మీద ఒక పొడుగాటి కుర్రాడు నిలబడి, కింద నుంచి విసిరిన ఇటుకలు అందుకునేవాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. గమ్హరియాలో ఒక ఠేకేదారు కింద, అంటే కాంట్రాక్టరు కింద, కూలి. వాళ్ళది మా పలాస వైపే, తాత రైల్వే పనికి టాటానగర్ వచ్చి ఉండిపోయాడట. తెలుగు మాట వినబడిందని నన్ను అత్తా అని వరస కలిపేశాడు. ఒకరోజు ఆ ఆనపకాయ బంతి గిరగిరా తిరుగుతూ వెళ్ళి పరంజా మీదికి వచ్చింది. అతని కుడి చేతిలో అప్పుడే ఇటుక పడింది. ఎడమ చేత్తో బంతి పట్టాడు. రెండూ పక్కన పెట్టి, బీడీ వెలిగించుకున్నాడు, ఏమీ జరగనట్టు.

కోచ్ కింద నిలబడి నోరు తెరిచాడు. "ఏయ్ భాయ్! కైసే పకడా?"

"ఎలా పట్టినాను అంటన్నాడేటత్తా?" అని నన్నడిగాడు పైనుంచి. "ఇసిరినారు, పట్టినాను. ఒగ్గెయ్యమంటాడేటి?"

అలా దిగాడు కిందికి. దిగినవాడు ఎనిమిదేళ్ళు ఆడాడు.

అతనికి ఇచ్చిన చోటును వైడ్ రిసీవర్ అంటారు. అంటే గుంపుకు దూరంగా, అంచు దగ్గర నిలబడి, పరిగెత్తి, దూరం నుంచి విసిరిన బంతిని అందుకునేవాడు. పట్టడం అతనికి నేర్పక్కర్లేదు. మిగతావాళ్ళ ఛాతీకి తగిలి బంతి ఎగిరిపోయేది, ఇతని దగ్గర పిల్లిపిల్లలా ఒదిగిపోయేది. ఎలాగరా అని అడిగాను ఒకసారి, సద్ది తింటుండగా.

"ఇటికిని ఆపకూడదత్తా. ఆపితే సెయ్యి ఇరిగిపోద్ది. అదొచ్చిన దారినే మన సేతులు రవ్వంత ఎనక్కెల్లాల. అప్పుడు అదే ఒళ్ళో కూకుంటాది."

కానీ పరుగు దగ్గర వచ్చింది చిక్కు. ఈ ఆటలో బంతి విసరకముందే పరుగు మొదలుపెట్టాలి. ఇన్ని గజాలు నేరుగా, అక్కడ ఠక్కున మలుపు, ఆపైన మూలకు. బంతి అక్కడ ఉండదు. ఇతను వెళ్ళాక వస్తుంది. మొదటి ఏడాదంతా వెనక్కి తిరిగి చూస్తూ పరిగెత్తి, కోచ్‌తో తిట్లు తిన్నాడు.

"బంతిక్కడుంటే నన్నక్కడికి ఎల్లమంటాడేటత్తా? ఎర్రోడా ఈడు?"

నాకూ అదే అనుమానం. కోచ్‌నే అడిగేశాను. బంతి ఉన్నచోటికి అందరూ పరిగెత్తుతారు మౌసీ, వాళ్ళు అక్కడే కొట్టుకు చస్తారు, ఇతను ఖాళీగా ఉన్నచోటికి వెళ్తేనే లాభం అన్నాడు. నేను దాన్ని మా భాషలోకి దించి ఇతనికి చెప్పాను. "ఒరే, బిష్టుపూర్‌లో షిఫ్టు ఒదిలినాక ఆటో కోసం అందరూ స్టాండ్ కాడే తోసుకుంటారు గదా. నువ్వు ముందు మలుపు కాడికెల్లి నిలబడు. ఆటో అక్కడికే వత్తాది, సీటు నీదే."

వారం రోజుల్లో వెనక్కి చూడటం మానేశాడు. కోచ్ ఏడాదంతా చెప్పినా ఎక్కనిది ఆటో ఎక్కించింది. దానికి నేను ఎంత మురిసిపోయానో ఏం చెప్పను. అప్పటి నుంచి నేనే సగం కోచ్‌ని అనుకున్నాను.

ఇంకొక విద్య ఉంది అతని దగ్గర. అది మాత్రం ఎవరూ నేర్పలేదు. మైదానం అంచున పరిగెత్తుతున్నప్పుడు కళ్ళు పైన బంతి మీద ఉంటాయి, కింద చూడటానికి వీల్లేదు. బంతి పట్టాక ఒక్క పాదమైనా లోపల ఆనాలి. బయట ఆనితే ఆ పట్టు చెల్లదు. మిగతావాళ్ళు ఆ గాభరాలో ఒకసారి కిందికి చూసేవారు, అంతలో బంతి పోయేది. ఇతను చూసేవాడే కాదు.

"పరంజా మీద కిందికి సూత్తే పడిపోతాం గదత్తా. పలకెక్కడ అయిపోద్దో కాలుకి తెలాల."

కాలు లెక్కపెట్టేది. మలుపు తిరిగిన చోటు నుంచి పదకొండు అడుగులు, పదకొండో అడుగు బొటనవేలు అంచుకు రెండు వేళ్ళ లోపల ఆనుతుంది. రోజూ ప్రాక్టీసుకు సున్నం పోయడానికి క్లబ్బు ఒప్పుకోదు కాబట్టి, నేను నూట అరవై అడుగుల వెడల్పు కొలిచి, రెండు వైపులా మేకులు దిగ్గొట్టి, వాటికి ఎర్రగుడ్డ కట్టి ఉంచేదాన్ని. ఆ మేకుల వరసే అతనికి పలక చివర. ఆరేళ్ళు ఆ మేకులకు తన పాదాన్ని అలవాటు చేశాడు. బయటి ఊళ్ళకు వెళ్ళి ఆడినప్పుడు కూడా ఆ అడుగు తప్పలేదని కోచ్ అందరికీ చెప్పుకునేవాడు.

కానీ ఆట కడుపు నింపదు. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఆదివారం డ్యూటీ ఎగ్గొడుతున్నాడని ఠేకేదారు గేటు పాసు లాక్కుంటానని రెండుసార్లు బెదిరించాడు. వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చి, "నువ్వైనా సెప్పొదినా, ఆ జాలీ టోపీ ఎట్టుకుని పిల్లనెవుడిత్తాడు ఈడికి" అని కూర్చుంది. అప్పుడే ఒక కబురు వచ్చింది. దేశం జట్టు కోసం ఒక క్యాంపు పెడుతున్నారు, ఎంచడానికి ఒక పెద్దాయన ఊరూరా తిరిగి ఆటలు చూస్తున్నాడు. మా మైదానంలో బయటి ఊరి జట్టుతో ఒక ఆట పెడితే, దానికి వస్తానన్నాడు. రెండు జట్లలోంచి ఒక్క రిసీవర్‌ని తీసుకెళ్తాడు. పట్టేవాళ్ళు చాలామందే దొరుకుతారు, అంచు తెలిసినవాడు కావాలని కోచ్‌తో ఫోన్లో అన్నాడట.

ఆ మాట విని ఇతను నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. "అంచంటే మనదే గదత్తా. ఈసారి పిలిత్తే ఎల్తాను. పిలవకపోతే ఆటొగ్గేత్తాను. అమ్మకి మాటిచ్చీసినాను."

మా మైదానం మీద ఈ ఆటకు పూర్తి గీతలు వేయడం అదే మొదటిసారి. ఆట నాలుగు రోజులుందనగా కోచ్ ఒక కాగితం తెచ్చాడు. మైదానం బొమ్మ, ఐదేసి గజాలకు ఒక అడ్డగీత, నిచ్చెనలాగా. పక్కన సన్నటి ఇంగ్లీషు అక్షరాలు, చిన్న చిన్న బాణాలు. ఎక్కడెక్కడ ఎన్ని గజాలో వేలు పెట్టి చూపించాడు. చివర అడిగాడు.

"ఔర్ కుఛ్ పూఛ్నా హై, మౌసీ?"

ఇంకేమైనా అడగాలా అని. అడగాల్సింది. ఆ బాణాలు ఏమిటని అడగాల్సింది. ప్రతి గడ్డిపోచనూ అడిగేదాన్ని, ఆట గురించి ప్రాణం తీసేటట్టు అడిగేదాన్ని, నా పని గురించి మాత్రం అడగడం నామోషీ అనిపించింది. "బాబూ, నువ్వు పుట్టకముందు నుంచి గీతలు గీస్తున్నాను. నన్ను అడుగుతావా?" అని నవ్వి, కాగితం బొడ్లో దోపుకున్నాను. అతనూ నవ్వాడు. పాపం, పెద్దదాన్ని కదా అని ఊరుకున్నాడు.

ఆటకు ముందురోజు పొద్దున్న ఆరింటికి మొదలుపెడితే, సాయంత్రం దాకా పట్టింది. అన్ని గీతలు నా జన్మలో వేయలేదు. చివరికి పొడవు గీతలు రెండూ. తాడు బిగించాను. బండి తోశాను. సైరను మోగింది, లోపలి పక్కే పోశాను. నాలుగు వేళ్ళ వెడల్పు, ఒక్క వంకర లేదు. పెవిలియన్ మెట్లెక్కి చూసుకుంటే పచ్చ చీర మీద తెల్ల గళ్ళు నేసినట్టు ఉంది. నా దిష్టే తగులుతుందని మెటికలు విరిచాను.

మరునాడు పెద్దాయన వచ్చాడు. తెల్ల టోపీ, చేతిలో చిన్న పుస్తకం, ఎవరితోనూ పెద్దగా మాటల్లేవు. అంపైరు మైదానం చుట్టూ ఒకసారి నడిచి, గీతలు బాగున్నాయని నా వైపు బొటనవేలు చూపించాడు. నేను పైపు చుట్ట మీద కూర్చుని, అక్కడి నుంచి అంతా చూశాను.

మా వాడు ఆ రోజు ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. అవతల జట్టులోనూ ఒక రిసీవర్ ఉన్నాడు, పొట్టిగా, లేడిపిల్లలా. ఇద్దరూ పోటాపోటీ. పెద్దాయన పుస్తకంలో ఏదో రాస్తూనే ఉన్నాడు. ఆట చివరికి మా వాళ్ళు నాలుగు పాయింట్లు వెనక. ఒక్కసారి బంతి అవతలి మూలలోకి చేరితే ఆరు వస్తాయి, గెలుపు. గుసగుస అయింది. అందరికీ తెలుసు బంతి ఎవరికి వెళ్తుందో.

పరుగు తీశాడు. నేరుగా, మలుపు. నా పెదాలు వాటంతటవే లెక్కపెట్టాయి. ఒకటి, రెండు, మూడు... బంతి చాలా ఎత్తున వచ్చింది. ఎనిమిది, తొమ్మిది. చేతులు చాచాడు, కిందికి చూడలేదు. పది. చేతులు రవ్వంత వెనక్కి వెళ్ళాయి, బంతి ఒదిగింది. పదకొండు. బొటనవేలు నేలను గీరింది, మనిషి బయట పడ్డాడు. పడ్డవాడు నవ్వుతూ లేచాడు. తన కాలు తనకు తెలుసు కదా.

అంపైరు వంగి చూశాడు. రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. బయట.

బొటనవేలి ముద్ర సున్నం మీద ఉంది. ఈ ఆటలో గీత మైదానం కాదు. గీత తాకితే బయటే.

మా వాడు బూటు ముందు భాగం చూసుకున్నాడు. తెల్లగా ఉంది. అవతలి వాళ్ళు కేకలు వేసుకుంటూ పరిగెత్తారు. పెద్దాయన కలం మూత పెట్టేశాడు.

జనం పెవిలియన్ వైపు వెళ్ళాక, నేను ఆ మూలకు నడిచాను. ఎందుకు వెళ్ళానో చెప్పలేను, నా కాళ్ళు తీసుకెళ్ళాయి. ఆరేళ్ళుగా తప్పని అడుగు ఈ రోజు ఎలా తప్పింది? అదే నాకు కావాలి. వంగి ముద్రను చూశాను. గీత బయటి అంచుకు రెండు వేళ్ళ లోపల ఉంది. దాని పక్కనే, గీతకు బయట ఆనుకుని, మేకు పీకిన గుంట. నా మేకు. ప్రాక్టీసు మేకులూ ఆ వరసలోనే ఉండేవి. మేకుకు రెండు వేళ్ళ లోపల. పాదం ఎక్కడ ఆనాలో అక్కడే ఆనింది. దాని కిందికి నేను సున్నం తెచ్చి పోశాను.

బొడ్లోంచి కాగితం తీశాను. ఆ చిన్న బాణాలు ఇప్పుడు అర్థమయ్యాయి. కొలతలన్నీ గీత లోపలి అంచు దాకా. గీత బయట పడాలి. మైదానాన్ని ఇటు నాలుగు వేళ్ళు, అటు నాలుగు వేళ్ళు నేను మింగేశాను.

మా వాడు అక్కడే గడ్డిలో కూర్చుని బూటు విప్పుతున్నాడు. మేకు గుంట చూపించి, అంతా చెప్పాను. వాడు ముందు నమ్మలేదు. వేళ్ళు పెట్టి కొలిచాడు. ఆ తర్వాత ఆ ముద్ర వైపు చాలాసేపు చూశాడు. వాడి ముఖంలో ముందు వచ్చింది కోపం కాదు, సంతోషం.

"అయితే నా కాలు తప్పనేదు."

"లేదురా. తప్పింది నా చెయ్యి. పద, పెద్దాయన ఇంకా టీ తాగతన్నాడు, సెప్దాం."

అప్పుడు వాడు నా చెయ్యి పట్టుకుని లాగాడు. "పిచ్చా నీకేటి? నాలుగు నెల్లలో రిటైరవుతావు. క్లబ్బోల్లు ఊరుకుంటారేటి? గీత గీతే, అంపైరు మార్సడు. నాకెలాగూ పోయింది. నీదెందుకు పోగొట్టుకుంటావు? వానొత్తే సున్నం పోద్ది, ఎవుడికీ తెల్దు. ఒగ్గీయత్తా."

నిజం చెప్పమంటారా? ఒక్క క్షణం వదిలేద్దామనిపించింది. ఇరవై ఆరేళ్ళలో నా ఫైలు మీద ఒక్క మచ్చ లేదు. ఆకాశం వైపు కూడా చూశాను, మబ్బుందేమోనని. అంత నీచంగా ఆలోచించాను. కానీ ఆ మనిషి పుస్తకంలో వీడికి అంచు తెలియదని రాసి ఉంటుంది. అంచు తప్ప ఇంకేమీ లేని కుర్రాడికి. అది ఎలా ఉండనిస్తాను? చెయ్యి విడిపించుకున్నాను. తాడు భుజాన వేసుకుని పెవిలియన్ మెట్లెక్కాను.

అక్కడ అందరూ ఉన్నారు. కోచ్, అంపైరు, క్లబ్బు ఆఫీసు చూసే బాబు, అవతలి జట్టు వాళ్ళు. నా హిందీ మీకు తెలుసు కదా, వచ్చినట్టు చెప్పాను. "సాబ్, లడ్కే కా పైర్ సహీ థా. లకీర్ గలత్ హై. మైనే డాలా." కుర్రాడి కాలు సరైనదే, గీతే తప్పు, వేసింది నేను.

కోచ్ ముఖం పాలిపోయింది. "మౌసీ, నేను అడిగాను కదా," అన్నాడు మెల్లగా, హిందీలోనే.

"అడిగావు బాబూ. నేనే అడగలేదు."

అంపైరు మంచివాడే, కానీ అంపైరు. నేల మీద ఏ గీత ఉంటే అదే గీత, రెండు జట్లూ దాని మీదే ఆడాయి, ఫలితం మారదు అన్నాడు. న్యాయమే. నేనూ దానికి తల ఊపాను. నేను వచ్చింది ఫలితం కోసం కాదు. పెద్దాయన వైపు తిరిగాను. ఆయన కప్పు కింద పెట్టి, నన్ను కాదు, నా భుజం మీద తాడును చూస్తున్నాడు.

"చలో, నాపో," అన్నాడు. పద, కొలువు.

కొలిచాం. ఆయనే వంగి, వేళ్ళు పెట్టి చూశాడు. మేకు గుంట చూశాడు, ముద్ర చూశాడు. మా వాణ్ణి పిలిచి, కింద చూడకుండా ఎలా తెలుస్తుందని అడిగాడు. వాడు పరంజా గురించి చెప్పాడు, నేను మధ్యలో దూరి పదకొండు అడుగుల లెక్క చెప్పాను. పెద్దాయన నవ్వలేదు. తన బూటుతో ఆ మూల సున్నం అంతా చెరిపేశాడు. తాడు మాత్రం మేకు గుంటల మీదుగా నేలకు ఆనించి పరవమన్నాడు.

"ఫిర్ సే దౌడో."

మళ్ళీ పరిగెత్తాడు. కోచ్ విసిరాడు. ఒక బూటు ఉంది, ఒక బూటు లేదు, వాడికి తొడుక్కునే ధ్యాస లేదు. పదకొండు. తాడుకు రెండు వేళ్ళ లోపల. మళ్ళీ విసిరాడు. రెండు వేళ్ళు. మూడోసారి అవతలి జట్టు రిసీవర్, ఆ లేడిపిల్ల, దగ్గరకొచ్చి గడ్డి మీద బోర్లా పడుకుని మరీ చూశాడు. "బాప్ రే," అన్నాడు.

అక్కడ మా వాణ్ణి తీసుకెళ్తానని పెద్దాయన అన్నాడనుకుంటున్నారు కదూ? అనలేదు. ఆ పొట్టి కుర్రాడికి అప్పటికే మాటిచ్చేశాడు. ఒకరికి ఇచ్చిన మాట ఇంకొకరి కోసం వెనక్కి తీసుకోను అన్నాడు. కానీ పుస్తకం తెరిచి, రాసింది కొట్టేసి, ఇంకేదో రాశాడు. వచ్చే ఏడాది నేరుగా క్యాంపుకు రా, నీ ఆట మళ్ళీ చూడక్కర్లేదు అని మా వాడితో చెప్పి, కారెక్కాడు.

క్లబ్బు బాబు నా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు, ఇకముందు జాగ్రత్తగా పని చేస్తానని. ఇకముందు అంటే నాలుగు నెలలు. కోచ్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, ఆ కాగితంలో ఇంగ్లీషులో రాసిందంతా హిందీలో రాయించి తెచ్చాడు. అది చదవడానికి కూడా నాకు ఇంకొకరు కావాలని అతనికి చెప్పలేక, తీసుకుని దాచుకున్నాను. ఆ నాలుగు నెలలూ ప్రతి పనికీ ముందు అడిగాను. గడ్డి ఎంత కోయాలో కూడా అడిగాను. విసుక్కున్నారు. విసుక్కోనీ.

మా వాడు ఆట వదల్లేదు. ఇంకో ఏడాది అని అమ్మను బతిమాలుకున్నాడు. ఆ ఏడాదీ ఇటుకలు అందుకున్నాడు, ఠేకేదారు చేత తిట్లు తిన్నాడు, పొద్దున్నే నా మేకుల దగ్గరికి వచ్చాడు. తర్వాత క్యాంపుకు వెళ్ళాడు. దేశం పేరున్న చొక్కా వేసుకున్నాడు. అక్కడ వాడికన్నా చిన్నవాళ్ళు, వేగం ఉన్నవాళ్ళు ఉన్నారు, ఆట మొత్తం బల్ల మీదే కూర్చోబెట్టారు. చివర్లో ఒక్కసారి పంపారు. ఒక్క బంతి వచ్చింది. పట్టాడు. తొమ్మిది గజాలు. తిరిగొచ్చాక ఆ తొమ్మిది గజాల గురించి నాకు గంటసేపు చెప్పాడు. నేను రెండు గంటల ప్రశ్నలు అడిగాను. గాలి ఎటు వీచింది, గడ్డి ఏ రకం, సున్నమా రంగా, అన్నీ.

ఆ పై ఏడాది క్యాంపులో మోకాలు తిరిగిపోయింది. అంతటితో సరి. ఇప్పుడు గమ్హరియాలో తనే ఒక చిన్న తాపీ ముఠా నడుపుతున్నాడు, పెళ్ళయింది. మెట్లెక్కేటప్పుడు మాత్రం కాలు కొంచెం ఈడుస్తాడు.

పోయిన నెల వాడు మా ఇంటికి వచ్చాడు. వంటింటి గట్టు సరిచేయడానికి వచ్చి, చేతులు కడుక్కుని కూర్చున్నాడు. ఎన్నాళ్ళుగానో నా గొంతులో ఉన్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"ఒరే, ఆ రోజు నా చెయ్యి తప్పకపోతే ఏడాది ముందే ఎల్దువు. మోకాలు బావుండగా రెండేల్లు ఆడుదువు. నీ ఏడాది నాను తినేసినాన్రా."

కాదులే అత్తా అంటాడనుకున్నాను. అందరూ అలాగే అంటారు కదా. వాడు టీ ఊదుకుని, ఒక గుక్క తాగి, నా ముఖంలోకి చూశాడు.

"తిన్నావత్తా. తిన్నేదని నానెందుకంటాను? ఠేకేదారు తిన్నాడు, మోకాలు తింది, ఆ బల్ల తింది. అందరూ తిన్నోల్లే. ఎల్లి సెప్పింది నువ్వొక్కతివే."

అని, కప్పు పక్కన పెట్టి, "గట్టు ఆరేదాకా నీల్లు పొయ్యకు," అని వెళ్ళిపోయాడు.

అదండీ సంగతి. ఇక లేవండి, కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి. ఇంతసేపు ఓపిగ్గా విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద ఎసరు వేళకు మరగాలి, మీ పెద్దవాళ్ళకు నిద్ర పట్టాలి, మీ ఇంట్లో ఎవరు ఏ షిఫ్టుకు వెళ్ళినా వెళ్ళిన కాళ్ళతోనే క్షేమంగా తిరిగి రావాలి.